సుబ్బయ్య మీద జాలి, సీతారామారావు మీద చిరాకు: నాకొక్కదానికేనా?

గాజువాక బస్సు:
ఈ మధ్య రెండు నవలలు వరసగా పూర్తి చేశాను. ముందు గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, తర్వాత రావిశాస్త్రి ‘అల్పజీవి’. చదివిందంతా మన విశాఖలో మద్దిలపాలెం, గాజువాక మధ్య బస్సులోనే. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర బండి ఆగిందంటే నాలుగు పేజీలు గ్యారంటీ.

ఇద్దరు హీరోలూ చేతకానివాళ్లే. కానీ సీతారామారావుని పట్టుకుని రెండు తగిలించాలనిపించింది. ఉన్న ఆస్తి కరిగిపోతుంటే తనలో తను వాదించుకుంటూ కూర్చుంటాడు, ఆ ఉక్రోషం ఇంట్లోవాళ్ల మీద చూపిస్తాడు. ‘అల్పజీవి’లో సుబ్బయ్య అలా కాదు. పాపం, గుమాస్తా. కాంట్రాక్టరు గవరయ్య పేరు చెబితేనే వణుకు. నేనూ అకౌంట్స్‌లోనే పనిచేస్తాను. బిల్లు పాస్ కాని కాంట్రాక్టరు వచ్చి నా టేబుల్ మీద చెయ్యి ఆనించి, ఏమీ మాట్లాడకుండా నిలబడితే చాలు, కూడిన వరసే మళ్లీ మళ్లీ కూడుతుంటాను. ఆ టెన్షన్ సుబ్బయ్యలో కనిపించింది.

మా ఆయన మాత్రం ఇద్దరూ ఒకటే, నువ్వు నీ సెక్షన్‌వాడికి ఓటేశావు అంటున్నారు. మీరేమంటారు? తర్వాత ఏం చదవమంటారు? ‘అంపశయ్య’ మాత్రం చెప్పకండి, మొదలుపెట్టి వదిలేశాను.

పాత నోటరీ:
మీ ఆయన మాటలో సగం నిజముందమ్మా. సీతారామారావు మీద చిరాకు రావాలనే గోపీచంద్ అలా రాశాడు. పుస్తకం ఎవరికి అంకితమిచ్చాడో చూశావా? ‘ఎందుకు’ అని అడగడం నేర్పిన తండ్రికి. ఆ తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరి. అంత పెద్ద హేతువాది కొడుకు, ఆ ప్రశ్నే అడిగి అడిగి శ్మశానంలో తేలిన మనిషి కథ రాశాడు. నా లెక్కలో ‘అల్పజీవి’ కన్నా ఇదే తెగువ ఉన్న పుస్తకం.

రావిశాస్త్రి (1922–1993) మన ఊరి వకీలే కదా. సుబ్బయ్య మీద జాలిపడి ఊరుకోకు. ‘ఆరు సారా కథలు’ పట్టుకో. మద్యనిషేధం రోజులు, సారా కేసులు, పోలీసులు, ప్లీడర్లు. సుబ్బయ్యలాంటివాళ్ల భయం మీద ఎవరు బతుకుతున్నారో అందులో తెలుస్తుంది. కోర్టు వరండాలో నేను విన్న ఉత్తరాంధ్ర మాట అచ్చంగా అందులో ఉంది.

హాస్టల్ బ్యాక్‌బెంచ్:
సార్, శ్మశానం సంగతి చెప్పేశారేంటి! నేనింకా సగంలో ఉన్నా.

అక్కా, ‘అంపశయ్య’ని అలా తీసిపారేయకండి. 1969లో వచ్చింది, అంతా ఒక్క రోజు కథ. ఉస్మానియాలో చదివే రవికి పరీక్షలు నెత్తి మీదున్నాయి, జేబులో డబ్బుల్లేవు. మీ సుబ్బయ్యకి గవరయ్య ఎలాగో వాడికి ఆ రోజు అలాగ. బస్సులో ముక్కలు ముక్కలుగా చదివితే ఎక్కదు, ఆదివారం ఒక్క సిట్టింగ్‌లో లాగించండి.

పాత నోటరీ:
పొరపాటైంది బాబూ. కానీ ‘అసమర్థుని జీవయాత్ర’లో ముగింపు తెలిసినా నష్టం లేదు, మధ్యలో సీతారామారావు ఆలోచనలే అసలు సరుకు.

గాజువాక బస్సు:
ఆదివారమా తమ్ముడూ? ఇంట్లో ఆదివారం ఎవరికి ఖాళీ! ముందు సారా కథలే తెచ్చుకుంటాను, బస్సుకి కథలైతేనే సుఖం. ‘రత్తాలు-రాంబాబు’ కూడా తీసుకుందామనుకున్నాను గానీ రావిశాస్త్రి అది పూర్తి చేయలేదట కదా. సగంలో ఆగిపోయే నవల చదవొచ్చంటారా, సార్?

పాత నోటరీ:
నిరభ్యంతరంగా చదువు. ‘రాజు-మహిషి’ కూడా పూర్తి చేయలేదు, నేను రెండుసార్లు చదివాను.