కేప్ కాడ్‌లో బోరు నీళ్ల ఇల్లు: మందుగుండు రసాయనాల గురించి తెలిసినవాళ్లు చెప్పండి

బోస్టన్_బావ:
మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్‌లో మిలిటరీ బేస్‌కి కాస్త దూరంలో ఒక ఇల్లు చూశాం. ధర బాగుంది, మా ఆవిడకీ నచ్చింది, కానీ టౌన్ నీళ్లు లేవు, సొంత బోరే. బేస్‌లో షెల్స్ (ఫిరంగి గుళ్లు) కాల్చిన చోట భూగర్భజలంలో ఆర్‌డీఎక్స్ అనే పేలుడు మందు, పర్‌క్లోరేట్ అనే రసాయనం దొరికాయని చదివినప్పటి నుంచి టెన్షన్. పేలాక మందంతా కాలిపోవాలి కదా? పైగా ఆ కాల్పులు 1997లోనే ఆపించారట. ఇంకా నీళ్లలో ఎందుకుంటుంది? మరగబెట్టుకుంటే సరిపోదా?

మట్టి_మనిషి:
సరిగ్గా పేలిన షెల్ పెద్దగా ఏమీ మిగల్చదండీ. గొడవంతా సగం సగం పేలినవాటితోనే. ఇనుము పగిలి లోపలి మందు పలుకులు పలుకులుగా చెల్లాచెదురవుతుంది, అవి నేల మీద పటికబెల్లం ముక్కల్లా పడుండి వాన పడ్డప్పుడల్లా కొంచెం కొంచెం కరుగుతుంటాయి, ఏళ్ల తరబడి. ఆర్‌డీఎక్స్ లీటరు నీళ్లలో సుమారు 60 మిల్లీగ్రాములే కరుగుతుంది. అంతేనా అనుకోకండి, తాగే నీటికి అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ సూచించిన హద్దు లీటరుకి 2 మైక్రోగ్రాములు, లెక్కేస్తే ముప్పై వేలో వంతు!

షెల్స్‌లో వాడే ఇంకో పేలుడు మందు టీఎన్‌టీ ఈ విషయంలో కాస్త నయం. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని మార్చేస్తాయి, మారినది చాలావరకు కుళ్లిన ఆకు అలములున్న మట్టికి అతుక్కుని అక్కడే ఉండిపోతుంది. ఆర్‌డీఎక్స్ అలా అతుక్కోదు, గాలి బాగా ఆడే నేలలో సూక్ష్మజీవులూ దాని జోలికి పెద్దగా పోవు. కేప్ కాడ్ నేలేమో హిమానీనదాలు వదిలివెళ్లిన ఇసుక, గులకరాళ్లు. గోదావరి ఇసుక మీద చెంబుడు నీళ్లు పోస్తే ఎంతసేపు నిలుస్తాయో అంతే. మన నల్లరేగడైతే కథ వేరేలా ఉండేది.

ల్యాబ్_లక్ష్మి:
మరగబెట్టడం మాత్రం వద్దు బ్రదర్. పర్‌క్లోరేట్ అంటే ఒక రకం ఉప్పే, రాకెట్ ఘన ఇంధనంలో ఆక్సిజన్ అందించడానికి వాడతారు. చారు మరిగేకొద్దీ ఉప్పెక్కినట్టు ఇదీ చిక్కబడుతుంది తప్ప పోదు. మట్టికి అంటదు, నీళ్లు ఎటు పోతే అటే. థైరాయిడ్‌కి అయోడిన్ అందకుండా అడ్డుపడుతుంది కాబట్టి ఇంట్లో గర్భిణులు, పసిపిల్లలు ఉంటే మరీ జాగ్రత్త. మసాచుసెట్స్‌లో 2006 నుంచీ దీని హద్దు కూడా లీటరుకి 2 మైక్రోగ్రాములే. ఆర్‌డీఎక్స్‌ని కార్బన్ ఫిల్టర్ పట్టుకుంటుంది, పర్‌క్లోరేట్‌కి ఆర్‌ఓ కావాలి.

అన్నట్టు ఇది టపాసుల్లో కూడా ఉంటుంది. ఓక్లహోమాలో అడా అనే ఊరి చెరువులో జులై 4 బాణసంచా తర్వాత కొలిస్తే మామూలు కన్నా వెయ్యి రెట్ల దాకా పెరిగింది, మళ్లీ దిగడానికి 20 నుంచి 80 రోజులు పట్టింది. గాలాడని బురదలో దాన్ని తినే బ్యాక్టీరియా ఉంటుంది. మీ బోరు అడుగున ఇసుకలో ఆ భాగ్యం తక్కువ.

కేప్_పాతకాపు:
బేస్‌లో నీళ్లు పైకి తోడి శుద్ధి చేసి మళ్లీ భూమిలోకే పంపుతున్నారు. కలుషిత నీరు ఎటు సాగుతోందో మ్యాపులు కూడా పెడతారు, మీ ఇల్లు ఆ దారిలో ఉందో లేదో ముందు అది చూడండి. సొంత బోరుని ఎవరూ వచ్చి టెస్ట్ చేయరు, మనమే చేయించుకోవాలి. ల్యాబ్‌కి పేలుడు పదార్థాలు, పర్‌క్లోరేట్ అని పేరుపెట్టి అడగండి, మామూలు ప్యాకేజీలో అవి రావు.

బోస్టన్_బావ:
అమ్మేవాళ్లు ఇచ్చిన రిపోర్ట్ ఇప్పుడే తీసి చూశా. ఒకే పేజీ. బ్యాక్టీరియా, నైట్రేట్, ఐరన్, పీహెచ్. అంతే. రేపు పొద్దున్నే ఏజెంట్‌కి ఫోన్ చేస్తా.