దళిత స్త్రీల కవిత్వంలో శ్రమ: పొగడ్తా, నిలదీతా?

మేఘన: అందరికీ నమస్తే అండి. ఎంఏ తెలుగు చేస్తున్నా, సెమినార్ పేపర్ కోసం దళిత కవయిత్రి జూపాక సుభద్ర గారి కవితా సంపుటి 'అయ్యయ్యో దమ్మక్క', గోగు శ్యామల గారి సంపాదకత్వంలో 2003లో వచ్చిన దళిత స్త్రీల సాహిత్య సంకలనం 'నల్లపొద్దు' చదువుతున్నా. మా సార్ "శ్రమ సౌందర్యం" అని టైటిల్ పెట్టమన్నారు కానీ చదివేకొద్దీ అది కుదరదేమో అనిపిస్తోంది. వీళ్లు పనిని పొగుడుతున్నారా, ఆ పని మా మీదే ఎందుకు పడిందని అడుగుతున్నారా? ఎలా రాయాలో చెప్పండి ప్లీజ్.

పాలమూరు యాదన్న: సుభద్రక్క కొంగు మీద రాసిన కవితతోని మొదలుపెట్టు చెల్లె. స్త్రీవాద కవయిత్రి జయప్రభ గారు ఒక కవితల పైటను తగలెయ్యాలన్నరు, ఆమె బాధ ఆమెది, అందులో నిజం ఉంది. కానీ మా అమ్మకు కొంగు సిగ్గు కోసం కాదు, నాటేసేటప్పుడు నడుముకు చుట్టుకునేది, చెమట తుడుసుకునేది, ఎండకు నెత్తిన కప్పుకునేది, చేన్ల ఏరిన కూర అండ్లనే మూటగట్టుకొచ్చేది. సుభద్రక్క కొంగును పనిచేసే ఆడమనిషి దిక్కునుంచి చూసింది. పనితనం మీద గర్వం ఉంటది ఆ కవితల, దాన్ని మాత్రం ఇడిసిపెట్టకు.

సునీత: యాదన్న గారు చెప్పింది కరెక్టే, కాకపోతే గర్వం దగ్గరే ఆగిపోతే పేపర్ సగమే అవుతుంది. కులం అంటే పని విభజన కాదు, పనిచేసేవాళ్లనే విభజించడం అని అంబేద్కర్ 1936లోనే రాశారు కదా. చేత్తో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో మళ్లీ చట్టం చేయాల్సి వచ్చింది, అలాంటి పనిలో సౌందర్యం ఎక్కడ వెతుకుతాం చెప్పండి. కరోనా టైంలో పారిశుధ్య కార్మికులకు దండలేసి కాళ్లు కడిగారు, అదే గౌరవమైతే పర్మనెంట్ చేయమని వాళ్లు ఇంకా ధర్నాలు ఎందుకు చేస్తారు? దళిత కవయిత్రి చల్లపల్లి స్వరూపరాణి గారిని కూడా చదవండి, ఇంట్లో మగ అహంకారం ఒక చెంప మీద, వీధిలో కుల అహంకారం ఇంకో చెంప మీద కొడుతుందని రాశారావిడ. బయట కూలి, ఇంట్లో చాకిరీ రెండూ లెక్కలోకి రావాలి.

మేఘన: థాంక్యూ అక్కా, అన్నా. టైటిల్ "పనితనం, కూలి, కులం" అని మార్చి సార్‌ని అడుగుతాను. కొంగు కవితనీ స్వరూపరాణి గారి కవితనీ పక్కపక్కన పెట్టి రాస్తే సరిపోతుందా, ఇంకెవరినైనా చేర్చాలా?

సునీత: ఆ రెండూ చాలు, లోతుగా రాయమ్మా. ఒప్పుకోకపోతే కవితలే సార్‌కి చదివి వినిపించు.