ఏప్రిల్ చివర్లో బియాస్ కుండ్: ఎండ కాస్తుంటే అవలాంచ్ (మంచు చరియ విరిగిపడే) రిస్క్ తగ్గినట్టేనా?

సాయి_వరంగల్:
నలుగురం మనాలి నుంచి ధుండీ, బకర్‌థాచ్ మీదుగా బియాస్ కుండ్ సరస్సుకి (సుమారు 3,700 మీ.) వెళ్దామనుకుంటున్నాం. కొత్త మంచు పడకుండా ఎండ కాస్తే భయం లేనట్టేనా? టిఫిన్ చేసి 9కి బయల్దేరితే సరిపోతుందా? స్పైక్స్ (బూట్ల కింద తొడిగే ఇనుప ముళ్ళు), గేటర్లు (బూట్లలోకి మంచు పోకుండా కాళ్ళకి కట్టుకునే తొడుగులు) అద్దెకు తీసుకుంటున్నాం.

కొండదారి:
తగ్గదు సాయి గారూ, రకం మారుతుంది. చలికాలంలో ఎక్కువగా కొత్త మంచు బరువుకి కింది బలహీన పొర విరిగి పైపలక జారుతుంది. ఏప్రిల్‌లో ఎండకి కరిగిన నీళ్ళు పొరల్లోకి దిగి పట్టు వదిలిస్తాయి.

అందుకే పగటి ఫోర్‌కాస్ట్ కంటే ముందు రాత్రి ఎలా గడిచిందో చూడాలి. ఆకాశం నిర్మలంగా ఉంటే గాలి 1–2 డిగ్రీలున్నా మంచు వేడిని పైకి వదిలేసి గట్టిపడుతుంది. మబ్బు కమ్మితే సున్నా దగ్గరున్నా సరిగ్గా గట్టిపడదు. పొద్దున్నే కర్ర గుచ్చి చూడండి. పైన 2–3 సెం.మీ. పెంకు, కింద తడి గుజ్జు తగిలితే ఆ రోజుకి ప్రయాణం మానేయండి.

9 గంటలు బాగా ఆలస్యం. ఎండ ముందు తూర్పు వాలుకి, తర్వాత దక్షిణానికి, మధ్యాహ్నం పడమరకి తగులుతుంది. 4కి కదిలి, 10 దాటకముందే ఏటవాలుల కింది నుంచి బయటపడాలి. బూటు చీలమండ దాకా దిగబడుతుంటే, రాళ్ళ దగ్గర నుంచి మంచు ఉండలు దొర్లుతుంటే వెనక్కి తిరగండి. పిక్క దాకా దిగుతోందంటే అప్పటికే ఆలస్యమైంది.

హిమగిరి_ట్రెక్స్:
పై మాటలన్నీ కరెక్టే. కానీ జనం బోల్తా పడేది ఇంకోచోట: "మేం నడిచేది చదును దారేగా" అంటారు. 30–45 డిగ్రీల వాలు మీకు పైన ఉన్నా చాలు, జారింది లోయ అడుగు దాకా వస్తుంది. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథూ లా రోడ్డు మీద అవలాంచ్‌లో చనిపోయిన ఏడుగురు పర్యాటకులే, పర్వతారోహకులు కాదు.

నాలా (కొండవాగు) నోటి దగ్గర మట్టి కలిసిన గడ్డలు, విరిగిన కొమ్మలు కనిపిస్తే అది పాత అవలాంచ్ దారి. ఒక్కొక్కరే దాటండి, మిగతావాళ్ళు పక్కనుంచి చూస్తుండాలి. ఫొటోలకి ఆగొద్దు, టెంట్ అసలే వద్దు. శిఖర అంచున వేలాడే మంచు చూరు కింద కూడా అంతే. వాగు మీది మంచు వంతెన కింద నీళ్ళ చప్పుడు వినిపిస్తుంటే నమ్మకండి.

సాయి_వరంగల్:
మరి బీకన్ (మంచులో కూరుకుపోయినవాళ్ళని వెతకడానికి సిగ్నల్ ఇచ్చే పరికరం) తీసుకోవాలా?

రాక్‌సాల్ట్:
తీసుకుంటే నలుగురికీ బీకన్, 240 సెం.మీ. ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే కడ్డీ), లోహపు పార ఉండాలి. ముందే ప్రాక్టీస్ చేసి ఉండాలి. వెతికేటప్పుడు బీకన్‌కి ఫోన్ కనీసం 50 సెం.మీ. దూరం, లేదంటే సిగ్నల్ తప్పుదారి పట్టిస్తుంది. తడి మంచు ఆగగానే సిమెంటులా బిగుస్తుంది, చేతులతో తవ్వలేరు. 15 నిమిషాలు దాటితే బతికే అవకాశం గబగబా పడిపోతుంది. స్పైక్స్ జారిపడకుండా కాపాడతాయి, అంతే.

చండీగఢ్ డీజీఆర్ఈ (డీఆర్‌డీఓ వారి పరిశోధన సంస్థ) అవలాంచ్ బులెటిన్‌లో కుల్లూ జిల్లా చూడండి. ప్రమాద స్థాయి లెవెల్ 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ధుండీ దాటొద్దు. మధ్యలో మంచు కురిస్తే, ఆ తర్వాత ఎండ కాసే మొదటి రోజు మనాలిలోనే ఉండండి. నన్నడిగితే ట్రిప్పుని మే చివరికి వాయిదా వేసుకోండి.