ఆడబిడ్డ అర్ధమొగుడు: ఏమిటా సగం?

ప్రశ్న: ఈ సామెతకి అసలు అర్థమేంటండీ? అన్నదమ్ముడి మీద ఆడపడుచుకి సగం వాటా అనా, ఆవిడే సగం మొగుడనా? కొందరు ‘అర్థమొగుడు’ అని రాస్తున్నారు, అదీ తేల్చండి.

జవాబు: ర కింద ధ వత్తే సరి. అర్ధ అంటే సగం. థ వత్తు పెడితే భావమో, డబ్బో అవుతుంది.
వాటా అన్న అర్థం కుదరదండీ. ‘ఆయన మా మామయ్య’ లాగే ఇది క్రియ లేని వాక్యం, రెండు నామాలూ ఒకరినే చెబుతాయి. వాటాయే చెప్పాలంటే ‘మొగుడిలో సగం ఆడబిడ్డది’ అనాలి. కోడలి మీద మొగుడు చేసే అజమాయిషీలో సగం ఆవిడా చేస్తుందని భావం.

జవాబు: ‘సగం మొగుడు’ అంటే చెవికి ఆనదు. ఆ, అ లకి యతిమైత్రి ఉంది కాబట్టే ‘ఆడబిడ్డ’ పక్కన ‘అర్ధ’ అతుక్కుంది. ఇది కోడలి నోటిమాటే అనిపిస్తుంది నాకు. పుట్టింట్లో ‘ఆడబిడ్డ’ అంటే కూతురు, మొగుడి తోబుట్టువు అయ్యేది కోడలికే.

జవాబు: ఆ పెత్తనం గడప దగ్గరే మొదలవుతుంది. కొత్తజంట లోపలికి రాబోతుంటే ఆడపడుచు తలుపుకి అడ్డం నిలబడి, ఇద్దరిచేతా ఒకరి పేరు ఒకరితో చెప్పిస్తుంది. చాలా ఇళ్ళలో ‘నీకు కూతురు పుడితే నా కొడుక్కిస్తావా?’ అని మాట కూడా తీసుకుంటుంది. వేడుకగా చేసినా, తమ్ముడి మీద తన హక్కుని మేనరికంగా మళ్ళీ రాయించుకోవడమే అది. మేనత్తనీ, అత్తగారినీ ‘అత్తా’ అనే పిలవడం ఇందుకు సరిగ్గా సరిపోతుంది. ఆడపడుచు కట్నం మాత్రం వేడుక లెక్కలోకి రాదు. పెళ్ళి పేరుతో ఎవరికిచ్చినా 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం అది వరకట్నమే.

ప్రశ్న: అక్కకీ, ప్రేమించిన అమ్మాయికీ మధ్య నలిగేవాడి గురించి ఈ సామెత వాడొచ్చా?

జవాబు: వద్దండీ. ఇందులో అతని బాధ ఎక్కడా లేదు. అతనికి ‘అడకత్తెరలో పోకచెక్క’ ఉంది: రెండు రేకులూ అటూ ఇటూ నొక్కుతుంటే మధ్యలో చెక్క. ఇక అక్క పొసెసివ్‌నెస్‌కి ‘మమకారం’ వాడబోతారు. మమ అంటే ‘నాది’ అనే, మూలం చూస్తే సరైన మాటే. కానీ వాడుకలో అది ఉత్త ప్రేమగా మిగిలింది, ‘తమ్ముడంటే మమకారం’ అంటే ఫిర్యాదని ఎవరూ అనుకోరు. ‘తమ్ముణ్ణి ఎవరికీ వదలదు’ అనండి, సూటిగా తగులుతుంది.