రాత్రంతా అరిచే పిల్లికూనలు

ప్రశ్న (పర్లాకిమిడి): మహేంద్రతనయ ఒడ్డున తల్లి లేకుండా దొరికిన రెండు పిల్లికూనలను నాలుగు రోజుల క్రితం ఇంటికి తెచ్చుకున్నాము. కళ్లు తెరిచాయి గానీ నడక ఇంకా తడబడుతోంది. ఆవుపాలు పట్టినా అరుపు ఆగడం లేదు. ఏం చేయాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (రాయగడ): ముందుగా ఆవుపాలు మానేయండి, అవి అరగక విరేచనాలు పట్టుకుంటే అంత చిన్న ప్రాణి త్వరగా నీరసించిపోతుంది. పిల్లికూనల కోసమే అమ్మే పాలపొడిని గోరువెచ్చని నీటిలో కలిపి, 3, 4 గంటలకొకసారి, కూనను బోర్లా ఉంచి పట్టాలి. వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వయసు 3 వారాల లోపైతే, పాలు పట్టిన ప్రతిసారీ తడి దూదితో కింది భాగాన్ని మెల్లగా తుడవాలి. తల్లి నాకినట్లు అలా చేయకపోతే అవి మూత్రం కూడా పోయలేవు. పశువైద్యునికి ఒకసారి చూపించి, నులిపురుగుల మందు సంగతి కూడా అడగండి.

జవాబు (బరంపురం): ఆకలి కంటే చలే కారణం కావచ్చునండీ. ఈ వయసులో అవి ఒంటి వేడిని సరిగా నిలుపుకోలేవు. వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి అట్టపెట్టెలో ఒక మూల ఉంచి, వేడెక్కితే పక్కకు జరిగే చోటు వదలండి. చల్లబడిన కూనకు మాత్రం ఒళ్లు వెచ్చబడేదాకా పాలు పట్టరాదు. మా ఇంట్లో ఈ ఒక్క పనితోనే సగం గోల తగ్గింది; మిగతా సగం మా అత్తగారిది.

ప్రశ్న అడిగినవారు: సీసా పెట్టాక రెండూ ఒకదానిపై ఒకటి పడి నిద్రపోయాయి. పాలపొడిని సాయంత్రం మా మరిది బరంపురం నుంచి తెస్తున్నాడు.