అప్‌డేట్: చియా పుడ్డింగ్ ముందే చేసి పెట్టుకోవడం

ఆఫీసు రోజుల్లో పొద్దున్నే తినడానికి చియా పుడ్డింగ్ (చియా గింజలు పాలలో నానబెట్టి చేసేది) ముందే చేసి పెట్టుకోవచ్చా, ఉండలు కట్టకుండా ఎలా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే చేశాను, చక్కగా కుదిరింది. అందరికీ థాంక్స్.

అసలు కిటుకంతా రెండోసారి కలపడంలోనే ఉంది. అర కప్పు పాలలో 2 టేబుల్ స్పూన్ల గింజలు వేసి కలిపి, 10 నిమిషాలు ఆగి అడుగు నుంచి మళ్లీ కలిపాను. ఒక్క ఉండ కూడా లేదు. సబ్జా అయితే నిమిషాల్లో ఉబ్బుతుంది, చియా నిదానం. అందుకే రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. తీపికి నానబెట్టి రుబ్బిన ఖర్జూరం వేశాను. పంచదార కంటే ఆ రుచే నాకు నచ్చింది.

ఆదివారం రాత్రి గాజు సీసాల్లో పెట్టింది గురువారం దాకా బాగుంది. మరీ గట్టిపడితే కొంచెం పాలు పోసుకోవచ్చు. పండ్లు మాత్రం తినేముందే వేయండి, లేకపోతే నీరు ఊరుతుంది. సపోటా దీనికి భలే జోడీ!

ఇంట్లో పెద్దవాళ్లకి పెట్టేవాళ్లకు ఒక మాట. 28 గ్రాముల చియాలో దాదాపు 10 గ్రాముల పీచు ఉంటుంది. అలవాటు లేకపోతే ఒక చెంచాతో మొదలుపెట్టి, నీళ్లు బాగా తాగించండి. పొడి గింజలు మింగనివ్వకండి, గొంతులో ఉబ్బి అడ్డుపడే ప్రమాదం ఉంది.