బైపాస్ తర్వాత కిడ్నీ దెబ్బతింటే క్రియాటినిన్ పెరిగేదాకా ఆగాలా?

మత్తువైద్యుడు: గుండె ఆపరేషన్ అయిన ప్రతి రోగికీ మూత్రంలో ఎన్‌గాల్ (కిడ్నీ దెబ్బతిన్న కొద్ది గంటల్లోనే పెరిగే ఒక ప్రోటీన్) పరీక్ష చేయించాలని నా అభిప్రాయం. కిడ్నీ వడకట్టలేనప్పుడు రక్తంలో పేరుకునే వ్యర్థం క్రియాటినిన్; అది పెరిగేసరికి ఒకటి నుంచి మూడు రోజులు గడిచిపోతాయి. పైగా ఎక్కించిన ద్రవాలతో రక్తం పలచబడి, మొదటిరోజు అది మామూలుగానే కనిపించవచ్చు. 2005లో 71 మంది పిల్లలపై జరిగిన అధ్యయనంలో, రెండు గంటలకే తీసిన మూత్రంలో ఎన్‌గాల్‌కు ఏయూసీ (కిడ్నీ దెబ్బతిన్నవారినీ తిననివారినీ పరీక్ష ఎంత బాగా వేరుచేస్తుందో చెప్పే కొలత, 1 అంటే తప్పే లేనట్టు) 0.998 వచ్చింది.

కిడ్నీవైద్యుడు: ఆ 0.998 పట్టుకుని ఇంకెన్నాళ్లు వేలాడతారు? వాళ్లు షుగరూ బీపీ ఎరగని పసివాళ్లండీ. మన బైపాస్ రోగికి అరవై ఏళ్లు, ఇరవై ఏళ్ల షుగరు. ఇన్ఫెక్షన్ వచ్చినా, కిడ్నీ జబ్బు పాతదైనా ఎన్‌గాల్ పెరుగుతుంది.

పాఠకుడు: ఆరోగ్యశ్రీ రోగికి ఆ పరీక్ష కిట్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారో ముందు చెప్పండి.

మత్తువైద్యుడు: అయితే టింప్-2, ఐజీఎఫ్‌బీపీ7 (కిడ్నీ కణాలు ఒత్తిడికి గురైతే మూత్రంలో పెరిగే రెండు ప్రోటీన్లు) జంట పరీక్ష చూడండి, అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లోనే అనుమతించింది. జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో ఈ పరీక్షలో 0.3 దాటిన 276 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రక్తపోటు, ద్రవాలు, షుగరు, మందుల విషయంలో కట్టుదిట్టమైన జాగ్రత్తలు తీసుకుంటే, కిడ్నీ దెబ్బ 71.7 శాతానికి బదులు 55.1 శాతానికే పరిమితమైందని 2017లో ప్రచురించారు.

కిడ్నీవైద్యుడు: డయాలసిస్ అవసరంలో గానీ మరణాలలో గానీ తేడా తేలలేదన్న ముక్క మీరు వదిలేశారు. ఆ జాగ్రత్తలు తీసుకోవడానికి మనకు కిట్ అనుమతి కావాలా?

రోగి కుమారుడు: మా నాన్నగారికి వాల్వు మార్చిన మర్నాడు క్రియాటినిన్ 1.1 ఉంది, భయం లేదన్నారు. మూడోరోజు 3.8 అయింది, డయాలసిస్ పెట్టారు. మీ ఏయూసీల సంగతి నాకు తెలియదు గానీ, ముందే తెలిసే వీలుండి ఎందుకు చూడలేదన్నది నా ప్రశ్న.

కిడ్నీవైద్యుడు: బాబూ, ఆ రాత్రి గంటగంటకూ మూత్రం ఎంత వచ్చిందో కేసుషీటులో ఉందా? 70 కిలోల మనిషికి ఆరు గంటలపాటు గంటకు 35 మిల్లీలీటర్లకన్నా తక్కువ వస్తే, అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాల సంస్థ కేడీఐజీఓ 2012 నిర్వచనం ప్రకారం అదే కిడ్నీ దెబ్బ. దానికి కిట్ అక్కరలేదు.

రోగి కుమారుడు: ఉందండీ. ఆరు గడుల్లోనూ ఒకటే అంకె, ఒకటే చేతిరాత.

మత్తువైద్యుడు: నేను మొత్తుకునేది అందుకే! ఎవరూ ఊహించి రాయలేని అంకె ఒకటి కావాలి.

కిడ్నీవైద్యుడు: అంటే మీకు కావలసింది కిడ్నీ పరీక్ష కాదు, నర్సుల మీద నిఘా. ఆ మాట మొదటే అనవలసింది.

ఐసీయూ నర్సు: రాత్రిపూట ఆరు పడకల మూత్రం సంచులు నేనొక్కదాన్నే చూస్తాను సార్. మీ కిట్ వచ్చినా ఆ మూత్రం పట్టేదీ, ల్యాబుకు పంపేదీ, రిపోర్టు కోసం ఫోను చేసేదీ నేనే కదా.